కడిగిన మట్టి

వెండి తెల్లగా ఉంటుందనేవాళ్లు దాన్ని కొట్లో మాత్రమే చూసినవాళ్లు. నేను దాన్ని రెండు చోట్ల దాని సొంత ఇంట్లోనే చూశాను. ఒకటి రాజస్థాన్‌లో నేను కొన్నేళ్లు పనిచేసిన గని. రెండోది వైజాగ్ వన్ టౌన్‌లో వెండిపనివాళ్ల వీధి, ఆ వీధి మురుగుకాలవ. రెండు చోట్లా వెండి నల్లగానే ఉంది. అది తళతళలాడాలంటే ముందు ఎవరో ఒకరు మట్టిలో చేతులు పెట్టాలి. మా ఇంట్లో ఆ చేతులు మా అమ్మవి.

మమ్మల్ని జలగడుగువాళ్లంటారు. వెండి, బంగారం పని జరిగే కొట్ల ముందు ఊడ్చి, ఆ మట్టినీ కాలవలో పేరుకున్న బురదనీ నీళ్లలో కడిగి, అందులో కలిసిపోయిన రజను బయటికి తీయడం మా వృత్తి. ఆకురాయితో గీస్తే రాలే పొడి, అతుకు పెట్టేటప్పుడు చిందే చుక్క, పనివాడు లేచి లుంగీ దులిపితే పడేది, చేతులు కడిగితే నీళ్లతో పోయేది, అన్నీ చివరికి వీధిలోకే వస్తాయి. వీధిలోకి వచ్చింది మాది. ఒక్కో కుటుంబానికి ఒక్కో వీధి ముక్క. మా ముక్క పెద్ద పనికొట్టు గుమ్మం దగ్గర మొదలై కాలవ మలుపు దాకా ఉంటుంది. దీన్ని మాకు ఎవరూ రాసివ్వలేదు. తాత ఊడ్చాడు, నాన్నమ్మ ఊడ్చింది, అమ్మ ఊడుస్తోంది. అంతే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత. బళ్లో టీచరు ఆ సామెత చెప్పిన రోజు నేను లేచి నిలబడి, "మేం తొక్కుతామండీ, కానీ కడిగేది కాలు కాదు, అడుసు" అన్నాను. క్లాసంతా నవ్వింది. టీచరు కూర్చోమంది. నేను వెంటనే కూర్చోలేదు.

అమ్మ పని తెల్లవారకముందే మొదలవుతుంది. కొట్లు తెరిస్తే కాళ్లు తిరుగుతాయి, తిరిగిన కాళ్లు మట్టిని పట్టుకుపోతాయి. అందుకని ముందే ఊడ్చి తెస్తుంది. ఎండబెట్టి, జల్లించి, అయస్కాంతం తిప్పి ఆకురాయి ఇనుము తీసేస్తుంది. తర్వాత చెక్క తట్టలో నీళ్లు పోసి తిప్పుతుంది. తేలికైనది నీళ్లతో జారిపోతుంది, బరువైనది అడుగున మిగులుతుంది. వినడానికి ఇంతే. చెయ్యడానికి కూర్చుంటే అరగంటలో నడుము మాట్లాడుతుంది.

పోర్టు పక్కన బతుకు కాబట్టి మాకు ఇంకో తద్దినం ఉంది. గాలి ఇటు తిరిగితే వన్ టౌన్ డాబాల మీద బొగ్గు నల్లగా, ఇనప ఖనిజం ఎర్రగా వాలుతుంది. ఆరేసిన బట్టలున్నవాళ్లకి అది మురికి. అమ్మకి అది పోటీ. ఆ ఎర్రధూళి బరువైనది, తట్ట అడుగున వెండి పక్కనే వచ్చి కూర్చుంటుంది, అయస్కాంతానికి కూడా సరిగా లొంగదు. బురద రంగు చూసి పోర్టులో ఏ ఓడ దించుతున్నారో అమ్మ చెప్పేది. చెప్పి, ఆ ఓడని తిట్టేది.

కడిగిన రజనుని మూసలో కరిగిస్తే చివరికి చిన్న వెండి పూస మిగులుతుంది. మూస అంటే వెండి కరిగించే మట్టి గిన్నె. అది పగిలిపోయినా మేం పారెయ్యం. దాని గోడలకి కూడా వెండి పట్టుకుని ఉంటుంది కాబట్టి రోట్లో వేసి మెత్తగా దంచి, ఆ పొడినీ కడుగుతాం.

ప్రతిసారీ కరిగించాక అమ్మ పిసరంత వెండి గిల్లి, తీసుకెళ్లి కాలవ మలుపులో పడేసేది. చిన్నప్పుడు నాకు ఒళ్లు మండేది. అంత కష్టపడి తీసింది మళ్లీ బురదలోకా?

"ఇత్తనం ఎయ్యాలే గుంటా. తీసిన నేల కాళీగా ఒగ్గీకూడదు" అనేది.

"వెండి మొలుస్తుందేటమ్మా?"

"మొలవదని నాకు తెల్దేటి? మొలవడానికి కాదు. మళ్లీ వొత్తానని నేలకి సెప్పడానికి."

భూగర్భశాస్త్రం చదవాలన్న బుద్ధి నాకు ఏ పుస్తకం చూసీ పుట్టలేదు. ఒకరోజు అమ్మతో బీచ్‌కి వెళ్లాను. అల వెనక్కి పోయాక తడి ఇసక మీద నల్లటి చార ఒకటి మిగిలింది. అమ్మ వంగి వేలితో తాకి, "సూడే, సముద్రం కూడా మన పనే సేత్తాది" అంది. తేలిక ఇసకని అల లాక్కుపోతుంది, బరువైన నల్ల ఇసక నిలుస్తుంది. సముద్రమంతటిది చేసే పనిని పట్టుకుని బడిలో పిల్లలు నన్ను బురదపిల్ల అని వెక్కిరిస్తారా అని నాకు ఆ రోజు ఎక్కడలేని పొగరు వచ్చింది. ఆ పొగరు ఇంకా దిగలేదు.

చదువయ్యాక రాజస్థాన్‌లో గనిలో ఉద్యోగం వచ్చింది. సీసం, జింకు, వెండి కలిసి ఉన్న గని. వెండి విషయంలో మాత్రం మహా సంపన్నమైనది. క్యాంపులో మొదటి రాత్రి భోజనాల దగ్గర ఒకాయన మర్యాదగా, మీ ఇంట్లో ఎవరైనా ఈ రంగంలో ఉన్నారా అని హిందీలో అడిగాడు. మా అమ్మ ఉంది, తనూ వెండే తీస్తుంది, మురుగుకాలవలోంచి, అన్నాను. ఎవరో దగ్గారు. ఎవరో పప్పు వడ్డించమన్నారు. నాన్న సంగతి ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని: పోర్టులో కలాసీ, నా చిన్నతనంలోనే పోయాడు.

ఆ గనిలో వెండి విడిగా కనపడదు. సీసపు ఖనిజం లోపల దాక్కుని ఉంటుంది. వంద కోట్ల ఏళ్లకి పైమాటే, అప్పుడొక సముద్రం అడుగున వేడినీటి ఊటలు ఉండేవి. అవి కక్కిన నల్లటి బురద మా కాలవలో పేరుకున్నట్టే పొరలు పొరలుగా పేరుకుంది. తర్వాత భూమి దాన్ని నొక్కి, ఉడకబెట్టి, దుప్పటిలా మడతపెట్టింది. ఆ ఒత్తిడికి సీసం, వెండి మెత్తబడి, మడత ఎక్కడ వంపు తిరిగిందో అక్కడికి జరిగి గుమిగూడాయి. అందుకే గని అంతా ఒకేలా ఉండదు. చాలా దూరం ఏమీ ఉండదు, హఠాత్తుగా ఒక వంపు దగ్గర కుప్ప పోసినట్టు ఉంటుంది. వంపు అనగానే నాకు మా కాలవ మలుపే గుర్తొచ్చేది. అమ్మ ఇన్నేళ్లూ ఆ మలుపులోనే కూర్చుంది.

మొదట్లో నా పని పైన, షెడ్లో. డ్రిల్లుతో భూమిలోంచి తీసిన రాతి కడ్డీలని పెట్టెల్లో పేర్చి తెస్తారు. వాటిని చదివి ఏ లోతులో ఏ రాయి ఉందో చెప్పాలి. వెండి ఉన్న సీసపు రాయి పెట్టెలోకి వస్తే చూడక్కర్లేదు, ఎత్తబోతే చెయ్యి కిందికి లాగుతుంది. కిందికి దిగి ఆ రాయిని దాని చోట చూద్దామంటే, అప్పట్లో ఆడవాళ్లు గనిలోకి దిగకూడదని చట్టం. తర్వాత చట్టం మారింది, ఆడమనిషి ఇష్టపడి రాసిస్తే దిగొచ్చన్నారు. మగవాళ్లని ఎవరూ ఇష్టమేనా అని అడిగి ఎరగరు. ఆ తేడా చూసి నాకు మండింది. మండుతూనే సంతకం పెట్టి దిగాను.

దిగిన కొత్తలోనే ఒక సంగతి జరిగింది. కొత్తగా తొలుస్తున్న సొరంగం ముందున్న గోడ కూలి, అవతల ఖాళీ కనిపించింది. దీపాలు పెట్టి చూస్తే అది పాతకాలపు గని. ఎన్ని వందల ఏళ్లదో. డ్రిల్లు, మందుగుండు లేని రోజుల్లో రాతికి మంట పెట్టి పగలగొట్టేవాళ్లు. ఆ గోడలు మంటకి ఎర్రబారి, పైన మసి పట్టి, నున్నగా ఉన్నాయి. మంచి ఖనిజమంతా తీసేసి, పనికిరాని రాయిని వెనక్కి పేర్చి ఖాళీ పూడ్చారు. ఒక్కచోట మాత్రం నిండా ఖనిజం ఉన్న స్తంభాన్ని ముట్టుకోకుండా వదిలారు.

మా పైఆఫీసరు తల పట్టుకుని, పాతోళ్లు ముందే దోచుకుపోయారు అన్నాడు. దోచుకోవడమేమిటి, వాళ్ల గని వాళ్లు తవ్వుకున్నారు, మనమే ఆలస్యంగా వచ్చాం, అన్నాను. ఆయన నా వైపు అదోలా చూశాడు. ఆ స్తంభం ఎందుకు వదిలారని ఎవరో అడిగితే పైకప్పు పడకుండా అన్నాడు. నిజమే కావచ్చు. నాకు మాత్రం అక్కడ చాలాసేపు నిలబడాలనిపించింది. మట్టి తీసినవాళ్లే గొయ్యి పూడ్చాలి అని అమ్మ అంటుంది. ఇక్కడా పూడ్చారు.

తర్వాత పెళ్లయింది. ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. నేను వైజాగ్ తిరిగొచ్చి, పోర్టుకి వచ్చే ఖనిజాలని పరీక్షించే ల్యాబ్‌లో చేరాను. ఉక్కునగరంలో క్వార్టరు. మా అత్తగారిది గోదావరి జిల్లా, మాట తీపి. పెళ్లిలో ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "మా వాళ్లడిగితే మీ అమ్మగారిది బంగారం వ్యాపారమని చెబుతానమ్మా, ఏమీ అనుకోకు" అంది. "బంగారం కాదండీ, వెండి. వ్యాపారం కాదండీ, బురద" అన్నాను. ఆవిడ నోరు వెళ్లబెట్టి, కాసేపటికి నవ్వేసింది. అప్పటినుంచి మా ఇద్దరికీ పడుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మా వీధిలో పెద్ద పనికొట్టు చేతులు మారింది. దాన్ని కొన్నాయన కృష్ణా వైపు నుంచి వచ్చిన వ్యాపారి. పాత కొట్టు పడగొట్టి, అద్దాలతో వెండి సామాన్ల షోరూం కడతానన్నాడు. కట్టుకోమనండి, మాకేం. కానీ ఆయన ఒకరోజు అమ్మని పిలిచి, ఇకమీదట గుమ్మం ముందు ఊడవడానికి వీల్లేదన్నాడు. తట్టలూ బురదా చూస్తే కస్టమర్లు రారట. పైగా ఒక దయ కూడా చూపించాడు.

"మీరు పెద్దవారు. ఊరికే పొమ్మనలేను. షోరూం లోపల ఊడవండి. యూనిఫాం ఇస్తాను, జీతం ఇస్తాను."

"నాను ఊడిసేది నీ వాకిలి కాదు బాబూ" అంది అమ్మ. "నా సేను."

ఆయనకి అర్థం కాలేదు. అమ్మే అసలు మాట ఎత్తింది. మా వీధి ఆచారం ప్రకారం పనికొట్టు నేల ఎప్పుడు తవ్వినా ఆ మట్టి, ముందు వీధిని ఊడ్చే కుటుంబానిదే. దశాబ్దాల తరబడి రాలిన వెండి ఆ నేలలో దిగి ఉంటుంది. మట్టి తీసుకున్న కుటుంబం కడుక్కుని, బదులుగా గొయ్యి పూడ్చి ఇవ్వాలి. నేల తవ్వేటప్పుడు పిలువు బాబూ అంది.

ఆయన ఫోన్‌లో ఎవరో బంగారం దుమ్ములోంచి లక్షలు తీస్తున్న వీడియో చూసి ఉన్నాడు. నేల మట్టిని బయటి ఊరి కంపెనీకి ఇవ్వడానికి మాట్లాడేశాడు కూడా. ఆచారమా, ఎవరు చెప్పారు అన్నాడు.

పెద్దలు కూర్చున్నారు. పెద్దలంటే వీధిలో మిగిలిన పనివాళ్లే. అందరికంటే పెద్దాయన, కళ్లజోడుకి దారం కట్టుకునే ముసలి వెండిపనివాడు, అమ్మని చెల్లీ అని పిలుస్తాడు. ఆ రోజు ఆయన అమ్మ ముఖం చూడలేకపోయాడు. కొత్తాయన షోరూం తెరిస్తే వీళ్లందరికీ పని ఇచ్చేది ఆయనే.

"తాతల కాలంలో ఉండేదని ఇన్నాను సెల్లీ" అన్నాడు నెమ్మదిగా. "నా కళ్లతో సూసినానని మాత్రం సెప్పలేను. ఆ కొట్లో గచ్చు ఎప్పుడేసినారో కూడా నాకు సరిగా గేపకం లేదు."

కొత్తాయన చేతులు కట్టుకుని, "చూడండమ్మా, అందరి ముందూ చెబుతున్నాను" అన్నాడు. "ఇలాంటి ఆచారం ఉండేదని ఒక్క రుజువు చూపించండి. మట్టీ మీదే, వీధీ మీదే. చూపించలేకపోతే చీపురు పట్టుకుని ఈ వీధిలోకి రాకండి."

"సరే" అంది అమ్మ. "నా కళ్ల ముందు తవ్వు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. రుజువు ఏముందని ఒప్పుకుంది? ఈ ఒక్క కొట్టూ పోతే రేపు పక్క కొట్టువాడూ అదే అంటాడు, మలుపు దాకా పోతుంది. దారంతా అమ్మతో పోట్లాడాను. అమ్మ నిమ్మకు నీరెత్తినట్టు నడుస్తోంది. అమ్మ ఇంటికి చేరాక, షిఫ్టు దిగి అక్కడికి వచ్చిన మా ఆయన మెల్లిగా, "అత్తయ్యగారిని మన క్వార్టర్‌కి తెచ్చేసుకుందాం. ఈ వయసులో ఈ గొడవ ఎందుకు?" అన్నాడు. మంచి మనిషి, మంచి మాటే. అమ్మ వినేసింది.

"మీ సెక్టార్లో కాలవలు కడుగుదునా బాబూ? అక్కడ సెత్త తప్ప ఏటుంటాది?" అంది.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "రుజువేదమ్మా?" అని మళ్లీ అడిగాను.

"నాకేటి తెలుసు. తవ్వితే నేలే సెప్తాది."

తవ్వే రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. అప్పటికే అమ్మ ఆ కొట్టు గుమ్మంలో తట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. కూలీలు సబ్బవరం వైపు పల్లెల వాళ్లు. గునపాలు పట్టుకుని వీధిలోనే నిలబడిపోయారు. కూర్చున్న ముసలామెని దాటుకుని లోపలికి ఎవరు అడుగేస్తారు? కొత్తాయన అరిచాడు. కూలీల్లో ఒకతను, "మామ్మని దాటీలేం బాబూ, మీరే లేపండి" అన్నాడు. లేపడానికి ఈయన వంగబోయి, వీధంతా చూస్తోందని గమనించి ఆగిపోయాడు. చివరికి అమ్మే లేచి లోపలికి నడిచింది. ముందు తను, వెనక కూలీలు. ఆ వరస ముఖ్యం.

గచ్చు పగిలింది. నేను మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను. దాని కింద నల్లటి, జిగురు మట్టి ఉండాలి. మసి, నూనె, రజను కలిసిన మట్టి. అలా లేదు. బూడిదరంగు ఇసక, జల్లించినట్టు శుభ్రంగా, గింజ గింజా ఒక్క సైజులో. ఇన్నేళ్లు రాళ్లు చదివినదాన్ని, అందులో ఏమీ లేదని నాకు వెంటనే తెలిసిపోయింది.

బయటి కంపెనీ నుంచి వచ్చినతని చేతిలో తుపాకీలాంటి పరీక్ష యంత్రం ఉంది. మా ల్యాబ్‌లోనూ ఉందది. మట్టి మీద ఆనించి నొక్కితే ఏ లోహం ఎంతుందో చూపిస్తుంది. అతను అక్కడా ఇక్కడా నొక్కి, తల అడ్డంగా ఊపాడు. ఇది ఉట్టి ఇసకండీ, లారీ కిరాయి కూడా రాదు, అన్నాడు. అతను చెప్పింది నిజమే.

కొత్తాయన పెద్దగా నవ్వాడు. "విన్నారుగా అమ్మా! ఈ ఇసక కోసమా ఇంత రభస? తీసుకెళ్లండి, మొత్తం తీసుకెళ్లండి. ఆచారం అంట, ఆచారం!"

కూలీలు తలలు దించుకున్నారు. ముసలి వెండిపనివాడు గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వెండి లేనందుకు కాదు, వాడు నవ్వినందుకు.

అమ్మ మాత్రం పిడికెడు ఇసక తీసి, తట్టలో వేసి, నీళ్లు అడిగింది. రెండు తిప్పులు తిప్పి ఆగిపోయింది. వేళ్లతో ఇసకని పక్కకి తోసి నాకు చూపించింది. ఇసకలో ఎర్రటివి, నల్లటివి చిన్న చిన్న పెంకులు. అన్నీ ఒక్కలాగే నలిగి ఉన్నాయి.

"ఏటే ఇవి?"

"మూస ముక్కలు" అన్నాను.

"దంచినవి" అంది అమ్మ. "మూసలు దంచి కడిగేవోలు ఎవులే ఈ వీధిలో?"

అప్పుడు తట్టింది. ఇది ఉట్టి ఇసక కాదు. కడిగేసిన మట్టి. మేం కడిగిన మట్టి. ఈ గచ్చు వేసిన రోజున, అమ్మ మా ఇంటికి కోడలిగా రాకముందే, మా తాత ఈ నేల తవ్వుకుపోయాడు. ఆచారం ప్రకారం కడుక్కున్నాడు. ఆచారం ప్రకారం గొయ్యి పూడ్చాడు. దేనితో పూడుస్తాడు? తన దగ్గర గుట్టగా పడి ఉన్న, కడిగేసిన మట్టితోనే. పైన గచ్చు పడింది, తర్వాత ఒక్క రజనూ లోపలికి దిగలేదు. మేం ఇన్ని రోజులూ పోట్లాడింది మా తాత పారబోసిన మట్టి కోసం! రాజస్థాన్‌లో పాతోళ్లు పూడ్చిన గనిని కళ్లారా చూసి వచ్చినదాన్ని, ఈ గచ్చు ఎవరు వేయించారో, కింద ఎవరు పూడ్చారో అడగాలని నాకు తోచనేలేదు. జలగడుగువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది.

"ఇది మా మావ పోసిన మట్టి" అని అమ్మ గట్టిగా చెప్పింది, వీధికి వినపడేలా.

"మీరు అనుకుంటే సరిపోతుందా?" అన్నాడు కొత్తాయన. "మూసలు ఎవరైనా దంచుతారు."

అమ్మ నా వైపు తిరిగింది. "పూడిసేటప్పుడు ఇత్తనం కొలిమి మూల ఏత్తారు. మా అత్త సెప్పీది. కొలిమి ఎక్కడుండీదో కనిపెట్టు."

కొలిమి ఎప్పుడో వేరే గదిలోకి మారిపోయింది. ఈ గదిలో నాలుగు మూలలూ ఒక్కలాగే సున్నం కొట్టి ఉన్నాయి. నేను గునపం తీసుకుని ఒక్కో మూల సున్నం గీకాను. మూడో మూలలో సున్నం పెచ్చు ఊడితే లోపల ఇటుకలు ముదురు ఎరుపుగా, పైకి పోయేకొద్దీ మసి పట్టి, నున్నగా ఉన్నాయి. అలాంటి గోడని నేను ఇంతకుముందు ఒక్కచోటే చూశాను, భూమికి ఎంతో కింద. చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది, అయినా మంట గుర్తుంచుకున్న గోడ అది.

"ఇక్కడమ్మా."

ఆ మూల ఇసకని తట్టలకెత్తి అమ్మ కడుగుతూ కూర్చుంది. ఒక తట్ట, ఇంకో తట్ట. వీధిలో జనం పెరిగారు. కొత్తాయన ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. నేను నీళ్లు అందిస్తున్నాను. ఆ విత్తనపు వెండి దొరక్కపోతే, తాత ఆ రోజు మరిచిపోయి ఉంటే, అమ్మ వీధి ఈ మధ్యాహ్నానికి అయిపోయినట్టే.

తట్ట అడుగున ఠక్కుమని చప్పుడైంది.

కందిగింజంత పూస. బొగ్గులా నల్లగా ఉంది. అమ్మ దాన్ని తీసి ఎవరికీ ఇవ్వలేదు, నేరుగా గుమ్మం బయట ఉన్న ముసలాయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. పక్క కొట్లోంచి చిటికెడు బూడిద తెప్పించి, రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దాడు. రుద్దుతూ ఉంటే తెల్లదనం బయటికొచ్చింది. అసలైన వెండి.

ఆయన పూస మీంచి చూపు తిప్పి, గుమ్మం ముందున్న నేలని చూశాడు. తర్వాత, "ఇసక బండి" అన్నాడు. "నాకిప్పుడు గేపకమొచ్చింది. నాను సిన్న గుంటడిని. ఈ గుమ్మం ముందర ఇసక బండి ఆగినాది. జలగడుగాయన తట్టలతో లోపలికి పోత్తన్నాడు. నాను ఇసక మీద ఎగిరితే నన్ను తిట్టినాడు."

"మా మావే" అంది అమ్మ. "తిట్టీవోడు."

ముసలాయన కొత్తాయన వైపు తిరిగాడు. ఆ రోజు దించుకున్న తల ఇప్పుడు ఎత్తాడు. "రుజువు అడిగినారు బాబూ. మీ కాళ్ల కిందే ఉన్నాది. మట్టి ఈవిడిది, వీది ఈవిడిది. కాదంటే మా కుంపట్లు మీ షోరూంకి పన్జెయ్యవు." వెనకున్న పనివాళ్లలో ఒకతను అవునన్నాడు. ఇంకొకతనూ అన్నాడు. అమ్మయ్య, వీళ్లకీ నోళ్లున్నాయి అనుకున్నాను, కొంచెం కసిగానే.

కొత్తాయన ముఖంలో రంగులు మారాయి. అయినా వ్యాపారి కదా, తేరుకున్నాడు. "సరేనమ్మా, మాటంటే మాటే. ఆ పూస నాకివ్వండి, అద్దాల పెట్టెలో పెడతాను. పాతకాలపు వెండి అని రాయిస్తాను."

"ఇది సూపించుకోడానికి కాదు బాబూ" అంది అమ్మ. "నేలది."

ఆ ఇసక మొత్తం అమ్మదని తేలింది. వెండి లేని ఇసక. అమ్మ దాన్ని ఇంటికి మోయించలేదు. మట్టి తీసుకుంటే గొయ్యి పూడ్చాలి, పూడ్చడానికి ఇసక ఉండనే ఉంది. కూలీలు తిరిగి పోస్తుంటే, కొలిమి మూలలో తాత పూసని పెట్టింది. కొంగు ముడి విప్పి, ఆ వారం కాలవ మట్టిలోంచి తీసిన తన పూసని పక్కనే పెట్టింది. అది చిన్నది, మినపగింజంత. "ఇది నాది" అంది. నేను ఏమీ వెయ్యలేదు. వెయ్యడానికి నేను తీసింది ఏముంది? ఇసక మాత్రం రెండు దోసిళ్లు పోశాను.

ఇప్పుడక్కడ అద్దాల షోరూం ఉంది. పళ్లేలు, కుందులు, గిన్నెలు, అన్నిటికీ చీటీలు వేలాడుతుంటాయి. ఆ కొట్లో అమ్మకానికి లేని వెండి నేల కింద ఉన్న రెండు పూసలే.

షోరూం తెరిచిన రోజు తెల్లారుతూనే నేను అమ్మ వెంట వెళ్లాను. కొత్తాయన అప్పటికే వచ్చి, పూలదండలు కట్టిస్తూ గుమ్మం ముందు కొత్త బూట్లతో నిలబడి ఉన్నాడు. అమ్మ పలకరించలేదు. కొట్టు మొదట్లో వంగి, చీపురుతో ఊడ్చుకుంటూ ఆయన దాకా వచ్చి ఆగింది.

"కాలు తియ్యి బాబూ" అంది.

తీశాడు.